సగం దెబ్బ

కొట్టాల వీధి కాశింబీ తన చెల్లెలికి ఫోనులో చెప్పిందట. ఆ చెల్లెలు బోరింగు దగ్గర బిందె పెట్టిన ప్రతి ఆడమనిషికీ చెప్పిందట. "మా అక్క పక్కింట్లో వడ్డె జమ్మన్న లేడూ, వాడు జతగాని తల పగలేసినాడంట. సమ్మెటతోనే! మెదడు పోయి గోడకు అతుక్కున్యాదంట. ఆ తిరుపాలు పెండ్లామే పక్కన నిలబడి 'కొట్టన్నా, కొట్టు' అనిందంట. ఇదేం కాలమమ్మా!" గంట తిరక్కుండానే ఊళ్ళో తిరుపాలును పూడ్చిపెట్టడమూ అయిపోయింది, జమ్మన్నను జైలుకు పంపడమూ అయిపోయింది. ఆ వేళకు ఇద్దరూ ఒకే గోడకు ఆనుకుని, ఎవరి ఆయాసం వాళ్ళు తీర్చుకుంటున్నారు.

కాశింబీ అబద్ధాలకోరు కాదు. గడపలో నిలబడి కొంత చూసింది, చూడనిదాన్ని భయం నింపింది. ఆ సమ్మెటను నేనే కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పగలిగేదాన్ని నేనొక్కదాన్నే.

నేను ఒక సమ్మెటను. నా పుట్టుకే దెబ్బలతో. ఘాటు రోడ్డులో బోల్తాపడిన లారీ ఇరుసు ముక్కను కమ్మరి మోనయ్య కొలిమిలో పడేసి, ఎర్రగా కాల్చి, నాకంటే ముసలి సమ్మెటతో కొట్టించాడు. నన్ను కన్నతల్లి ఆ సమ్మెటే అనుకుంటే, కన్నతల్లి చేతి దెబ్బలు తినే నేను ఈ ఆకారానికి వచ్చాను. నడుమ కన్నం పొడిచి వెదురు కామను పిడిగా దిగ్గొట్టారు. మోనయ్య నోరు ఊరుకునేది కాదు. తిత్తి ఊదే మనిషి తొందరపడి నన్ను బయటికి లాగబోతే కసిరాడు. "ఉండప్పా! ఇనుమును సగం కాల్చి, సగం కొట్టి ఇడిస్తే అది మొండికేస్తాది. మళ్ళా ఎంత కాల్చినా మాట ఇనదు. కొడితే కడాకు కొట్టల్ల, లేదంటే ముట్టుకోగూడదు." నన్ను కడదాకా కొట్టాడు కాబట్టే ఇన్నేళ్ళు బతికాను.

నా మొదటి యజమాని పెద్దులయ్య, జమ్మన్న తండ్రి. ఊరికి ఉత్తరాన కొండను తినే క్వారీలో నాతో పనిచేశాడు. కొండ ఊరికే లొంగదు. ప్రతి దెబ్బకూ పిడికెడు దుమ్ము మనిషి మొహాన ఉమ్ముతుంది. ఆ దుమ్ముకు మా వాళ్ళ దగ్గర రెండు మందులు. పని దిగగానే బెల్లం గడ్డ తింటే గొంతులో దుమ్ము కడుపులోకి జారుతుందట, దాని మీద సారా పోస్తే కడుపు కడిగినట్టవుతుందట. పెద్దులయ్య ఆ రెండు మందులూ ఒక్క పూట తప్పకుండా తీసుకున్నాడు. చివరకు ఒక మిట్టమధ్యాహ్నం నన్ను ఎత్తబోయి, నా కామ మీదే గంపెడు నెత్తురు కక్కి, రాయి మీద బోర్లా పడ్డాడు. దిష్టి తగిలిందన్నారు. కామ కడిగి నన్ను కొడుకు చేతికిచ్చారు. నెత్తురు కడిగినంత సులువుగా దగ్గును కడగలేకపోయారు. అది ఆ ఇంట్లోనే మిగిలింది.

ఇక మా పని పద్ధతి చెప్పాలి, ఎందుకంటే కథంతా దాంట్లోనే ఉంది. క్వారీలో పని జతలతో నడుస్తుంది. ఒకడు నన్ను ఎత్తి కొడతాడు. ఒకడు ఉలి పట్టుకుని కూర్చుంటాడు. దెబ్బ పడగానే ఉలిని కాస్త తిప్పాలి, మళ్ళీ దెబ్బ. పట్టేవాడు తలెత్తి సమ్మెటను చూడకూడదు. చూశాడా, చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది, ఉలి ఒరుగుతుంది, దెబ్బ ఎముక మీద పడుతుంది. అందుకని మణికట్టుకు పైన చావు ఊగుతున్నా వాడి చూపు ఉలి మొన మీదే ఉండాలి. దాన్ని వాళ్ళు నమ్మకం అంటారు. నేనైతే మనిషిని అంత నమ్మను.

ఆ నమ్మకానికి బదులు చెరిసగం. జతలో ఒకడికి ఏది దొరికినా రెండోవాడికి సగం పెట్టాలి. కూలి సగం, బీడీ సగం, సద్దిమూటలో ఎర్రగడ్డ సగం, ఆఖరికి మేనేజరు తిట్టిన తిట్టు కూడా సగం సగం మోయాలి. సగం పెట్టనివాడితో క్వారీలో ఎవరూ జత కట్టరు. వాడి దెబ్బ కింద చెయ్యి పెట్టడానికి ఎవడికీ మనసొప్పదు.

జమ్మన్నకు జత తిరుపాలు. వరసకు బావమరిది. సన్నగా, చురుగ్గా ఉంటాడు, నోటికి తాళం లేనివాడు. ఉలి వాడి చేతిలో తిరిగినట్టు ఇంకెవరి చేతిలోనూ తిరగలేదు. వాడి వేళ్ళు రాతి లోపలి గీతను తడిమి చెప్పేవి, ఇక్కడ కొట్టు బావా, ఇక్కడ పగుల్తాదని. పగిలేది.

ముందు దగ్గు పట్టింది జమ్మన్నకు. బనీను వదులైంది, సాయంత్రమైతే ఒళ్ళు కాలేది. స్కూటీ మీద తిరిగే టీబీ మందుల మనిషి సుగుణ మేడం చిన్న డబ్బాలో గళ్ళ పట్టించుకుని వెళ్ళి, మర్నాడు మాత్రల అట్టలతో వచ్చింది. టీబీ అని చెప్పింది. నెలల తరబడి రోజూ మింగాలంది. బాగైందని మధ్యలో ఆపకూడదంది. జమ్మన్న అన్నిటికీ తలూపాడు. తలూపడంలో మా వాళ్ళను మించినవాళ్ళు లేరు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, తిరుపాలు కూడా దగ్గుతున్నాడు. డబ్బా వాడికీ ఇస్తానంటే పారిపోయాడు. కారణం లేకపోలేదు. దగ్గేవాణ్ణి మేనేజరు గేటు బయటికి నెడతాడు. జమ్మన్న ఎట్లాగో మాత్రలు దాచుకుని నెట్టుకొస్తున్నాడు. ఇద్దరూ రోగులని తేలితే ఇక జతే ఉండదు.

ఆ మధ్యాహ్నం బండ నీడలో జమ్మన్న అట్ట చింపి మాత్రలు రాయి మీద పోశాడు. రెండు కుప్పలు చేశాడు. ఒకటి ఎక్కువొచ్చింది. దాన్ని నా మొహంతో టక్కున తట్టి రెండు ముక్కలు చేశాడు. కొండల్ని పగలగొట్టే నన్ను మాత్ర పగలగొట్టడానికి వాడినప్పుడు నాకు నవ్వొచ్చింది. నవ్వాల్సిన పని కాదని అప్పటికి తెలియదు.

"తీస్కోరా," అన్నాడు.

"నాకెందుకు బావా? రోగం నీది గదా."

"రోగం నాదైతే దగ్గు నీకెట్లొచ్చె? మింగు. జత అన్యాక నేనొకన్నే మింగి బతికి, నిన్ను పాడె ఎక్కించమంటావా?"

"చేదుగుంటాయేమో."

"సారా తాగే నాలికకు చేదేందిరా, దొంగనాకొడకా!"

తిరుపాలు నవ్వి, గుప్పున నోట్లో వేసుకున్నాడు. ఆనాటి నుంచి రోజూ అంతే. చంటిపిల్లకు గోరుముద్దలు తినిపించినట్టు ఒకడు పంచేవాడు, ఒకడు మింగేవాడు. సగం పెట్టకపోతే తప్పు అనుకున్నాడే కానీ, సగం పెడితే ఏమవుతుందో జమ్మన్నకు తట్టలేదు. కొట్టడానికి ఇద్దరి ఒంట్లోనూ శత్రువు ఉంది, ఇద్దరి దెబ్బా సగమే పడింది. సగం దెబ్బ తిన్నది చావదు, గట్టిపడుతుంది. మోనయ్య కొలిమి దగ్గర ఉండి ఉంటే అరిచి చెప్పేవాడు. క్వారీలో చెప్పేవాడు లేడు. చెప్పగలిగే నాకు నోరు లేదు.

కొన్నాళ్ళకు ఇద్దరికీ ఆకలి పుట్టింది, జ్వరం తగ్గింది. ఇంకేముంది, మాత్రలు మానేశారు. ఒళ్ళు బాగుపడగానే మందును అవతల పారేయడం మనిషి తెలివి. వాన ఆగగానే ఇల్లు కప్పడం మానేసే తెలివి అదే. సుగుణ మేడం మండిపడింది. "మధ్యలో ఆపితే మొండి టీబీ అవుతాది జమ్మన్నా! అప్పుడు ఈ మాత్రలు పనికి రావు."

"నాకన్నా మొండిదా మేడం అది?" అన్నాడు జమ్మన్న. పక్కనున్న వాళ్ళందరూ పగలబడి నవ్వారు. తిరుపాలు అందరికన్నా గట్టిగా నవ్వి, నవ్వు దగ్గులోకి దిగి, చాలాసేపు వంగిపోయాడు.

క్వారీ ఆఫీసు గోడ మీద రోగం ఎందుకొస్తుందో రంగులతో రాయించారు. తాగుడు, బీడీలు, రాతిదుమ్ము, చాలని తిండి, ఇరుకిల్లు, మందు మధ్యలో మానడం. మా వాళ్ళు ఆ గోడ నీడలోనే కూర్చుని, ఒకే బీడీని మార్చి మార్చి పీలుస్తూ అలుపు తీర్చుకునేవాళ్ళు. తాగుడు మానమంటే మానొచ్చు. దుమ్మును, ఆకలిని, ఇరుకిల్లును ఎట్లా మానుకోవాలో ఆ గోడ రాయలేదు.

దగ్గు మళ్ళీ వచ్చింది. వచ్చిన దారి తెలిసిన దొంగలా వచ్చింది. ఈసారి ఇద్దరికీ ఒకేసారి.

ఎండ నెత్తిన పెట్టుకుని పనిచేస్తున్న రోజు. పెద్ద రాతిగుండును చీల్చాలి. తిరుపాలు ఉలి పట్టి కూర్చున్నాడు. జమ్మన్న దెబ్బ దెబ్బకూ "హైఁ" అంటున్నాడు. ఆ కేక పట్టేవాడికి గుర్తు, చూడకుండానే దెబ్బ ఎప్పుడు పడుతుందో తెలుస్తుంది. నేను ఆకాశంలోకి లేచాను. పైన ఉండగా, "హైఁ" రావాల్సిన గొంతులోంచి దగ్గు వచ్చింది. నడుము విరిచేసే దగ్గు. జమ్మన్న చేతులు సడలాయి. నాకు ఆగడం రాదు. ఎత్తినవాడు ఆపితేనే ఆగుతాను. ఉలి తల తప్పి, దాని పక్కనున్న తిరుపాలు చేతి మీద దిగాను.

రాయి పగిలితే ఒక శబ్దం, ఎముక పగిలితే ఒక శబ్దం. రెండోది చిన్నది, తడిగా ఉంటుంది. నా కిందినుంచి చెయ్యి తీసేసరికి అది చెయ్యిలా లేదు. తిరుపాలు ఆ మాంసపు ముద్దను ఎవరిదో అన్నట్టు చూశాడు. అప్పుడు మొదలైంది వాడి కేక. కొండకు తగిలి తిరిగొచ్చి, మళ్ళీ మళ్ళీ మాకే తగిలింది. జమ్మన్న వాడి దగ్గరికి వంగబోయి, నోటి నిండా నెత్తురు కక్కుకున్నాడు. ఒకే బండ మీద ఒకడి చేతి నెత్తురు, ఒకడి ఊపిరి నెత్తురు కలిసి కాలువ కట్టాయి. అది కూడా సగం సగమే.

ట్రాక్టరు తొట్టిలో ఇద్దర్నీ వేసి టౌను ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి సంగతి నేను తర్వాత విన్నదే. తిరుపాలు కుడిచేతికి బొటనవేలు, చిటికెనవేలు మిగిల్చి, నడిమి వేళ్ళు తీసేశారు. ఇద్దరూ దగ్గుతున్నారని ఇద్దరి గళ్ళా మిషనులో పెట్టారు. ఇద్దరిదీ మొండి టీబీ అని తేలింది. మామూలు మాత్రలకు లొంగనిది. డాక్టరు తిరుపాలు కాగితాలు తిరగేసి, "నువ్వెప్పుడూ మందే తినలేదంటివే, మరి నీ ఒంట్లో పురుగుకు ఆ మందు అలవాటెట్లయింది?" అని అడిగాడట. పక్క మంచం మీదినుంచి జమ్మన్న అన్నాడట, "నేనే సగం పెట్టినా సార్."

సుగుణ మేడం తల కొట్టుకుంది. "ఒకరికి చాలే మందును ఇద్దరికి చాలకుండా చేసినావు గదయ్యా! పగతో చంపేటోన్ని పోలీసులు పట్టుకుంటారు. ప్రేమతో చంపేటోన్ని ఎవురు పట్టుకోవల్ల?"

ఆ మాట జమ్మన్న లోపల మేకులా దిగింది. కొత్త మందులు దోసెడు ఇచ్చారు. వాటితో వాడు పడ్డ పాట్లు నేను మూలన నిలబడి చూశాను. మింగిన గంటకు పేగులు బయటికొచ్చేలా వాంతి. పాదాలకు నిప్పులు అంటించినట్టు మంటలు. ఒళ్ళు కమురు కంపు కొట్టే కట్టెలా నల్లబడింది. వీటన్నిటికన్నా భయంకరం కోపం. ఆ మాత్రల్లో ఒకటి వాడి బుర్రలోకి దూరి, లేని మాటలు వినిపించేది. ఒక పొద్దున భార్య సుంకులమ్మ అన్నంలో ఏదో కలిపిందని నన్ను ఎత్తాడు. పొయ్యి మీది కుండ, దాని పక్కన బాన, ఆ పక్కన గోడ, వరసగా పగిలాయి. సుంకులమ్మ తలుపు చాటున నక్కి బతికింది. వాడు అలిసి కూలబడ్డాక, నన్ను చీరకొంగులో చుట్టి పక్కింటి కాశింబీ మంచం కింద దాచింది. సుగుణ మేడానికి చెబితే డాక్టరు ఆ మాత్ర మార్చాడు. కోపం దిగింది. మిగతావి వాడు మానలేదు. వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, మళ్ళీ మింగేవాడు. కాశింబీ ఇంటి గోడ పల్చనిది కాబట్టి అన్నీ వినిపించేవి.

తిరుపాలు మాత్రం మానేశాడు. కొన్నాళ్ళు మింగి, కక్కి, అట్టలన్నీ చూరులో దోపాడు. వాడి భార్య పుల్లమ్మ కంకర మిషను దగ్గర గంపలు మోయడానికి పోయేది. వీడు ఇంట్లో కూర్చుని ఎడమ చేత్తో సారా పోసుకునేవాడు. సుగుణ మేడం వస్తే రాయి విసిరాడు. స్కూటీ అద్దం పగిలింది. అయినా ఆమె మళ్ళీ వచ్చింది, ఈసారి వాడికోసం కాదు. వాడి కూతురు గంగ కోసం. మాటలు పూర్తిగా రాని పిల్ల. తండ్రి గుండె మీదే పడుకుంటుంది, తండ్రి తిని వదిలిన గిన్నెలోనే తింటుంది. పిల్లకు పరీక్షలు చేయించి, కాశింబీ వాకిట్లో నిలబడి పుల్లమ్మతో, జమ్మన్నతో చెప్పింది.

"పాప ఇంగా బాగనే ఉంది. కానీ తిరుపాలు దగ్గితే వచ్చేది మామూలు టీబీ కాదు, సరాసరి మొండిదే. ఆయన మందు మింగితే కొన్నాళ్ళకు ఊపిరిలోంచి బయటికి రాకుండా ఆగుతాది. మింగకపోతే, ఇంగ నా చేతిలో ఏమీ లేదు."

పుల్లమ్మ ఏడవలేదు. ఒంటి నిండా తెల్లటి దుమ్ముతో రాతిబొమ్మలా నిలబడి వింది. "ఆయప్ప నుంచి పిల్లను లాక్కుంటే కత్తి తీస్తాండాడు మేడం," అంది.

మర్నాడు పొద్దున అది జరిగింది. పుల్లమ్మ పిల్లను పుట్టింటికి పంపబోతుందని తెలిసి, తిరుపాలు పిల్లను ఎత్తుకుని లోపలికి పోయి రేకు తలుపుకు గడియ పెట్టాడు. లోపల దగ్గు, పిల్ల ఏడుపు. పుల్లమ్మ తలుపు బాదింది, తిట్టింది, బతిమాలింది. ఆ కేకలు విని కాశింబీ ఇంటికి వచ్చాడు జమ్మన్న. సగం ఊపిరి మనిషి, పది అడుగులు వేస్తే గోడ పట్టుకునే మనిషి, కాశింబీ మంచం కింద చెయ్యి పెట్టి నన్ను లాగాడు. కాశింబీ "అల్లా!" అంటూ వెనకే పరిగెత్తింది.

"పగలగొట్టన్నా," అంది పుల్లమ్మ.

ఎన్నాళ్ళకో నేను లేచాను. ఆ చేతుల్లో బలం లేదు, కసి ఉంది. మొదటి దెబ్బకు రేకు లోపలికి కుంగింది. వాడు నన్ను నేలకు ఆనించి దగ్గాడు, ఉమ్మాడు, మళ్ళీ ఎత్తాడు. గడియ ఊడి ఎగిరిపడింది. తలుపు ఒక పక్కకు వేలాడింది. జమ్మన్న లోపలికి దూరి, పొయ్యి పక్కన పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తిరుపాలు నెత్తి మీదికి నన్ను లేపాడు. పుల్లమ్మ పిల్లను గద్దలా తన్నుకుని పోయింది. కాశింబీ చూసింది ఇక్కడివరకే. కళ్ళు మూసుకుంది. మిగతాది నేను చూశాను.

"మింగుతావా, లేదా?" అన్నాడు జమ్మన్న. గొంతు కాదు, ఈల.

తిరుపాలు తలెత్తలేదు. సమ్మెటను చూడకూడదు కదా. ఏళ్ళ తరబడి కూర్చున్నట్టే నేల చూస్తూ కూర్చుని, ఆ తెగిన కుడిచేతిని పొయ్యిరాయి మీద పెట్టాడు.

"కొట్టు బావా. ఈసారి కడాకు కొట్టు."

అంత ఎత్తులో, ఒక్క క్షణం ఎటు పడతానో నాకే తెలియలేదు. జమ్మన్న అరిచాడు. జంతువులా అరిచి నన్ను పక్కకు తిప్పాడు. సారా క్యాను మీద పడ్డాను. అది చిట్లి ఇల్లంతా కంపు. నన్ను వదిలేసి వాడు తిరుపాలు మీద పడ్డాడు. రోగిష్టి ఎముకలు రెండు జతలు కలబడ్డాయి. మోకాలు రొమ్ము మీద పెట్టి, జుట్టు పట్టి, "అమ్మే పుల్లమ్మా, తేమ్మే!" అని కేకేశాడు. పుల్లమ్మ పిల్లను కాశింబీ చేతిలో కుక్కి, చూరులోని అట్టలు లాగి, మాత్రలు ఒలిచింది. మొగుడి దవడ నొక్కి నోరు తెరిపించింది. వాడు జమ్మన్న వేలు నెత్తురొచ్చేలా కొరికాడు. జమ్మన్న వేలు తీయలేదు. కొరికిన నోట్లోనే మాత్రలు నెట్టాడు. పుల్లమ్మ చెంబుతో నీళ్ళు పోసి, ముక్కు మూసింది. గుటక పడింది. ఒక్కో మాత్రకూ ఒక్కో యుద్ధం.

"రేపు గూడా వస్తా. ఎల్లుండీ వస్తా," అన్నాడు జమ్మన్న, రొమ్ము మీదినుంచి దిగుతూ. "కొరుకు. వేళ్ళు నాకు ఇంగా ఉండాయి." అన్నాక ఏమన్నాడో తెలిసి, గుప్పిట ముడిచి వెనక్కి దాచుకున్నాడు. అప్పుడే ఇద్దరూ ఒకే గోడకు ఆనుకున్నది.

అన్నమాట ప్రకారం వచ్చాడు. తన మాత్రలు గుప్పిట్లో పెట్టుకుని వచ్చేవాడు. ముందు వాడి ఎదుట తను మింగి, తర్వాత వాడికి మింగించేవాడు. ఈసారి ఎవరివి వాళ్ళకే, నిండుగా. మొదట్లో తన్నులాటే. తర్వాత తిట్లు. ఆ తర్వాత తిట్లు కూడా అలిసిపోయి, తిరుపాలు తనంతట తనే నోరు తెరిచేవాడు, ఉరికి మెడ చాచినట్టు. సుగుణ మేడానికి ఈ పద్ధతి తెలిసి మొదట హడలిపోయింది. ఇట్లా చెయ్యకూడదంది. ఆ తర్వాత తనే రోజూ వచ్చి, ఇద్దరి మధ్యా కూర్చుని, కోడిగుడ్డు ఉడకబెట్టి ఇచ్చి, మాటలతో మింగించడం మొదలుపెట్టింది. జమ్మన్న మోకాలి కంటే ఆమె కోడిగుడ్డు బాగా పనిచేసింది. గంగకు మాత్రం ఏమీ కాలేదు. వీధంతా పరిగెత్తి, నా కామ మీద గుర్రమెక్కేది.

అందరికీ ఇట్లా కాలేదు. ఆ ఏడు అదే మందు మొదలుపెట్టిన వాళ్ళలో ఉలి మేస్త్రీ ఒకడు నడిమధ్యలో పోయాడు. ఇంకొకడు వలస పోయి, మందులతో పాటు మాయమయ్యాడు. మా వాళ్ళిద్దరూ మిగిలారు. చివరి పరీక్షల్లో పురుగు లేదని వచ్చింది. నయమైందని సుగుణ మేడం చెప్పిన రోజున జమ్మన్న నన్ను ఎత్తి చూశాడు. మోకాలి దాకా లేచాను. అక్కడ ఆగాను. పురుగు పోయింది కానీ తినేసిన ఊపిరితిత్తిని తిరిగివ్వలేదు. వాడు నన్ను మెల్లగా దించి, గోడకు ఆనించాడు.

అప్పటినుంచి నాకు రాళ్ళతో పని లేదు. క్వారీలో ఇప్పుడు గుండ్లను మిషన్లే చీలుస్తున్నాయి. జతలు పోయాయి, దుమ్ము రెండింతలైంది. మొన్న టీబీ దినం అని ఆ క్వారీ ఆవరణలోనే సభ పెట్టారు. షామియానా మేకులు దిగ్గొట్టడానికి నన్ను తీసుకొచ్చారు. ఆ పని అయ్యాక, గాలికి ఎగిరిపోతున్న బ్యానరు కింది అంచు మీద బరువుగా పెట్టారు. జిల్లా నుంచి డాక్టరు వచ్చాడు. మేనేజరు తెల్లచొక్కా వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. జమ్మన్నకు, తిరుపాలుకు శాలువాలు కప్పారు. చప్పట్లు కొట్టారు. మొండి రోగాన్ని జయించిన వీరులని డాక్టరు అన్నాడు. ఇదే మన వైద్యం సాధించిన విజయమన్నాడు. నిజమే. అబద్ధం ఒక్క ముక్క లేదు.

"తిరుపాలూ, మొదట్లో నువ్వే మందు వద్దన్నావంట గదా," అన్నాడు డాక్టరు ఆప్యాయంగా. "ఇప్పుడు చెప్పు. బతకడం ఎంత బాగుందో మనవాళ్ళందరికీ నీ నోటితో చెప్పు."

మైకు వాడి కుడిచేతికి ఇవ్వబోయి, తడబడి, ఎడమ చేతికి ఇచ్చారు. శాలువా భుజం మీదినుంచి జారింది. వాడు సభను చూశాడు, పుల్లమ్మను చూశాడు, జమ్మన్నను చూశాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగి అన్నాడు.

"బతికించినారు, సరే సార్. ఇప్పుడు ఏ చేత్తో బతకల్ల?"